లాప్‌టాప్ బాగైంది, రొయ్యల వయసు తగ్గింది

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో చిన్న లాప్‌టాప్ సర్వీసు షాపు. 5కి 3 స్టార్లు ఇస్తున్నా. పని రాదని కోసినవి కావు ఆ 2.

నా పాత లాప్‌టాప్ ఆన్ చేసి, అది తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) వేసి, విండోస్ కొత్తగా ఎక్కించి సాయంత్రానికల్లా చేతికిచ్చారు. ఒక్క ఫైలు పోలేదు. మజూరీ 600, ముందు చెప్పిందే తీసుకున్నారు.

ఇందుకూరుపేట వైపు మావి మూడు రొయ్యల గుంటలు. లెక్కలకి మా అక్క కొడుకు సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాడు. రొయ్య పిల్ల వదిలిన తేదీ నుంచి డీఓసీ, అంటే ఎన్ని రోజుల రొయ్యో, అదే లెక్కేస్తుంది. మేత దాన్నిబట్టే. మర్నాడు, ఏప్రిల్ 29న, తెరిస్తే ఒకటో గుంట డీఓసీ మైనస్ 5. 05/04/2025న నేను దగ్గరుండి వదిలిన పిల్ల ఇంకా హేచరీలోనే ఉందన్నమాట! రెండో గుంటది 18/04, దానికి ఎర్రర్. మూడోది చూశాక కడుపులో తిప్పింది. 04/03న వదిలినవి, 56 రోజుల రొయ్యలు, 26 రోజులవని చూపిస్తోంది. మైనస్ అయితే ఎవరికైనా కనబడుతుంది, ఎర్రరైతే అదే అరుస్తుంది. 26 అంటే నమ్మేస్తాం. గుంట దగ్గర కుర్రాడు ఆ లెక్కన పొద్దుటి మేత తూచి చల్లేశాడు కూడా.

ఫోన్ చేస్తే మావాడు "మామా, గడియారం కింద తేదీ చదువు" అన్నాడు. 4/29/2025. అమెరికా వరస, నెల ముందు. షాపువాళ్లు టైం జోన్ మనదే పెట్టి, రీజియన్ ఫార్మాట్ యునైటెడ్ స్టేట్స్ మీదే వదిలేశారు. వరస ఇదీ అని చెప్పకపోతే డేట్‌టైమ్ పార్స్, అంటే సీ షార్ప్‌లో తేదీని చదివే కమాండు, సిస్టమ్ సెట్టింగ్‌నే పట్టుకుంటుందట. దాని లెక్కలో 05/04 అంటే మే 4. 18వ నెల లేదు గనక రెండో గుంట దగ్గర మొండికేసింది.

షాపుకెళితే కౌంటరు అబ్బాయి "టైం కరెక్టుగానే ఉంది గదన్నా" అన్నాడు. చూపించాక రెండు నిమిషాల్లో ఇండియా ఫార్మాట్‌కి మార్చాడు, పైసా అడగలేదు. "అందరికీ ఇట్లానే ఇస్తాం, ఎవరూ అడగలా" అన్నాడు చూడండి, ఒక స్టారు అక్కడ పోయింది.

రెండో స్టారు నిజానికి మావాడి దగ్గర కోయాలి. సెట్టింగ్ మారితే నోరెత్తకుండా తప్పు లెక్క చెప్పే ప్రోగ్రామ్ రాసింది వాడేగా. ఆ రాత్రే దాని బదులు, వరస మనమే చెప్పే పార్స్‌ఎగ్జాక్ట్ పెట్టి, ఫైల్లో తేదీలు ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ పద్ధతిలో, ఏడాది ముందు, తర్వాత నెల, రోజు, 2025-04-05 అని పడేలా మార్చాడు. తెర మీద మాత్రం మనకి అలవాటైన వరసే. పైథాన్ అనే ఇంకో భాషలో అయితే తేదీ చదివే స్ట్రిప్‌టైమ్‌కి వరస మనమే రాసివ్వాలి గనక ఈ బాధ తక్కువంటాడు. మరి అందులోనే రాయొచ్చుగా అంటే నవ్వాడు.

సందులో బండి పెట్టుకునే చోటు లేదు, మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా మూసేస్తారు. లాప్‌టాప్ తీసుకునేటప్పుడు అక్కడే ఆన్ చేసి మూలన తేదీ చూసుకోండి. 12వ తేదీ లోపలైతే చూసినా చప్పున తెలీదు, 13 దాటాక వెళ్లండి.