ఫోర్జ్డ్ పిస్టన్లతో ఫుల్ ఇంజన్ 78 వేలకేనా? నాలా మోసపోకండి

నాది 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్. ఈ బండి పిచ్చి ఉన్నవాళ్లు దీన్ని ముద్దుగా ‘ఓహెచ్‌సీ’ అంటారు. 1493 సీసీ, 106 హార్స్ పవర్. ఇప్పటి టర్బో బండ్ల పక్కన ఈ అంకె చిన్నదే. కానీ టన్ను చిల్లర బరువున్న బండిలో, ఐదు వేల ఆర్‌పీఎం దగ్గరకొచ్చేసరికి గొంతు మార్చుకుని ఏడు వేల దాకా ఎగబాకే ఆ ఇంజన్ రుచి తెలిసినవాళ్లకే తెలుస్తుంది. 2003లో దీన్ని ఆపేసి 77 హార్స్ పవర్ కొత్త సిటీ తెస్తే తిట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

పోయిన ఏడాది నా ఇంజన్ బోరుకొచ్చింది, అంటే సిలిండర్లు అరిగిపోయాయి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ, వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఆయిల్. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్సీ రెన్యూవల్ కూడా చేయించుకుని ఉన్నాను కాబట్టి అమ్మే ఉద్దేశం లేదు. ఎటూ ఇంజన్ దింపుతున్నాం, కాస్త దమ్మున్నదిగా చేయిద్దాం, ఒకసారి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద తిప్పుదాం అన్నది ఆశ. జేబులో ఉన్నది లక్ష లోపే.

అప్పుడు దొరికాడు ఈయన. హైదరాబాద్ శివార్లలో షెడ్డు. షాపు పేరు రాయను, వ్యవహారం వినియోగదారుల కమిషన్‌లో ఉంది. ఆయన చెప్పిన ప్యాకేజీ ఇదీ: బోరింగ్ (సిలిండర్ లోపలి రంధ్రాన్ని, అంటే బోరును, కాస్త వెడల్పు చేయడం), 0.50 మిల్లీమీటర్లు ఓవర్‌సైజ్ ఫోర్జ్డ్ (పోత పోయకుండా లోహాన్ని గట్టిగా నొక్కి చేసిన) పిస్టన్లు, రింగులు, బేరింగ్ షెల్స్ (క్రాంకు అనే ఇరుసు, పిస్టన్ రాడ్లు తిరిగే చోట వేసే పల్చటి లోహపు ముక్కలు), హెడ్ ఫేసింగ్, వాల్వ్ ల్యాపింగ్, ఫిట్టింగ్ అన్నీ కలిపి 78 వేలు. నిజమైన ఫోర్జ్డ్ పిస్టన్ల సెట్ ఒక్కటే ఆ డబ్బులో సగానికి పైగా తినేస్తుందని నాకు తెలుసు. తెలిసీ కళ్లు మూసుకున్నాను. చవగ్గా వస్తోందంటే మనసు లెక్కలు చెయ్యదు.

అడ్వాన్స్ 40 వేలు ఫోన్‌లోనే పంపాను. బిల్లు అడిగితే, “జీఎస్టీ పడుద్దన్నా, మీకెందుకు దండగ?” అన్నాడు. నాకూ సబబుగానే అనిపించింది.

రెండు వారాలన్నది ఏడు వారాలైంది. బండి చేతికొచ్చిన రోజు బానెట్ ఎత్తితే మతి పోయింది. వాల్వ్ కవర్‌కు ఎర్ర రంగు, కొత్త క్లిప్పులు, తళతళలాడే పైపులు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత అప్పుడు గుర్తుకు రాలేదు మరి. పాత పిస్టన్లు, పాత షెల్స్ ఏవని అడిగితే స్క్రాప్‌లో పోయాయన్నాడు.

మొదటి రోజు నుంచే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టకటకమని శబ్దం. ఫోన్ చేస్తే, “ఫోర్జ్డ్ అంటే అలాగే ఉంటదన్నా, వేడెక్కితే పోతది” అన్నాడు. ఈ మాటలో సగం నిజం ఉంది, అందుకే నమ్మాను. ఫోర్జ్డ్ పిస్టన్ వేడికి ఎక్కువ సాగుతుంది కాబట్టి దానికీ బోరుకీ మధ్య గ్యాప్ మామూలు పిస్టన్ కంటే ఎక్కువ వదలాలి. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ ఆ సందులో అటూ ఇటూ తగులుతుంది, అదే ఆ శబ్దం. నెట్‌లో చదివి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రన్నింగ్-ఇన్ (కొత్త భాగాలు కుదురుకునే దశ) కదా అని మూడు వేల ఆర్‌పీఎం కూడా దాటించలేదు.

640 కిలోమీటర్ల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు దిగి సిగ్నల్ దగ్గర ఆగితే, ఐడిల్‌లో ఆయిల్ లైటు మినుకు మినుకుమంది. మర్నాడు కింద నుంచి బరువైన దెబ్బలు, ఎవరో సుత్తితో కొట్టినట్టు. ఆపేసి టోయింగ్ బండి ఎక్కించాను. చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పితే ఆయిల్‌లో బంగారు పొడి కలిపినట్టు మెరుపు. రాడ్ షెల్స్ పైపూత పోయి రాగి తేలింది.

షెడ్డాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఒకసారి ఎత్తి, “మీరు ఆయిల్ చూసుకోలేదు” అని పెట్టేశాడు.

బ్లాకు, క్రాంకు, పిస్టన్లు గోనెసంచుల్లో చుట్టి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాను. అక్కడ మా మావయ్యకు తెలిసిన లేత్ పెద్దాయన ఒకరున్నారు. ఆయన ముందుగా పిస్టన్ తిరగేసి చూపించారు. “బాబూ, ఇది పోతపోసిన సరుకు. ఇదిగో అచ్చు గీత.” లోపలి వైపు అచ్చు రెండు ముక్కలు కలిసిన గీత చక్కగా కనబడుతోంది. కాటా మీద పెడితే నాలుగు పిస్టన్ల మధ్య 11 గ్రాముల తేడా. మామూలు క్యాస్ట్ (పోత) పిస్టన్లకు బాక్సు మార్చి ఫోర్జ్డ్ అని అమ్మారన్నమాట.

దీనికంటే విచిత్రం బోరు కొలిచాక తేలింది. పిస్టన్ స్కర్టు (కింది భాగం) 75.47 మిల్లీమీటర్లు. బోరు నాలుగు సిలిండర్లలో 75.57 నుంచి 75.59. అంటే సందు 0.10 నుంచి 0.12. ఈ ఇంజన్‌కు కంపెనీ మాన్యువల్ ప్రకారం 0.05 దాటితే బోరు పోయినట్టే లెక్క. ఫోర్జ్డ్ పిస్టన్‌కైనా మామూలుగా అంత వదలరు. లేత్ వాడికి పిస్టన్ చూపించకుండానే, ‘ఫోర్జ్డ్ వస్తాయి, గ్యాప్ ఎక్కువ పెట్టు’ అని చెప్పి బోరు కొట్టించి ఉంటారని పెద్దాయన అనుమానం. ఏ పిస్టన్ ఆ బోరులో కూర్చోబోతోందో దాన్ని చేత్తో పట్టుకుని కొలిచాకే బోరు కొట్టాలి. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసుంటే ఈ పోస్టు రాసే పనే ఉండేది కాదు.

షెల్స్ సంగతి ఇంకో కథ. హోండా ఇంజన్లలో బ్లాకు మీద, రాడ్ల మీద, క్రాంకు మీద అక్షరాలూ అంకెలూ కొట్టి ఉంటాయి. వాటిని జతచేసి చూస్తే ఏ జర్నల్‌కు (క్రాంకు మీద షెల్ కూర్చునే నున్నటి చోటుకు) ఏ రంగు గుర్తున్న షెల్ వేయాలో తెలుస్తుంది. రంగుకూ రంగుకూ తేడా మైక్రాన్లలోనే. నా ఇంజన్‌లో అన్ని చోట్లా ఒకే పెట్టెలోవి వేసేశారు. పైగా క్రాంకును గ్రైండింగ్‌కు పంపలేదు, ఎమెరీ కాగితంతో చేత్తో రుద్దారు. జర్నల్ గుండ్రంగా కూడా లేదు. 0.04 లోపు ఉండాల్సిన ఆయిల్ సందు ఒకచోట 0.09 తేలింది. ప్లాస్టీగేజ్ అని మైనపు దారం ఉంటుంది. షెల్‌కీ జర్నల్‌కీ మధ్య పెట్టి బోల్టులు బిగించి విప్పితే అది ఎంత వెడల్పు నలిగిందో చూసి సందు చెప్పొచ్చు. అరగంట పని. అది చేసి ఉంటే ఆ రోజే తెలిసిపోయేది.

బ్లాకు ఆయిల్ దారుల్లో సన్నటి బ్రష్ పెట్టి తిప్పితే బూడిదరంగు మడ్డి వచ్చింది. హోనింగ్ (బోరు గోడను రాయితో రుద్ది సరిచేయడం) రాయి పొడి. హోనింగ్ అయ్యాక బ్లాకును వేడినీళ్లు, సబ్బు, బ్రష్‌లతో, తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండేదాకా కడగాలి. నాది కడగనే లేదు. షెల్స్‌ను తిన్నది ముఖ్యంగా ఆ పొడేనని పెద్దాయన మాట.

0.50 ఓవర్‌సైజ్‌తో నాకు పెరిగింది 20 సీసీ. ఫోర్జ్డ్ పిస్టన్లు తెచ్చే పవరూ ఏమీ ఉండదు, అవి టర్బో ఒత్తిడినో, ఎక్కువ కంప్రెషన్‌నో తట్టుకోవడానికి. టర్బో లేని మామూలు వీధి బండికి మంచి క్యాస్ట్ పిస్టన్లు చాలు. లక్ష లోపు బడ్జెట్ ఉన్నవాళ్లు ఆ డబ్బును కొలతల మీద, లేత్ పని మీద పెట్టండి, రంగుల మీదా పేర్ల మీదా కాదు. ఎవరికైనా ఇంజన్ ఇచ్చేముందు ఒకటే అడగండి: నాలుగు బోర్లు, నాలుగు పిస్టన్లు, క్రాంకు జర్నల్స్ ఎంతెంత ఉన్నాయో కాగితం మీద రాసి సంతకం పెట్టిస్తారా అని. నసిగితే లేచి వచ్చేయండి. పాత సామాను మొత్తం సంచిలో వేసి వెనక్కిమ్మనండి. బిల్లు లేకుండా రూపాయి ఇవ్వకండి.

నాలా ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 చట్టం ప్రకారం అవతలి వాడి ఊరికి వెళ్లక్కర్లేదు, మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. నా దగ్గర బిల్లు లేదు. డబ్బు పంపిన రికార్డు, ‘ఫోర్జ్డ్’ అని ఆయన స్వయంగా టైప్ చేసిన వాట్సాప్ మెసేజ్‌లు, పెద్దాయన రాసిచ్చిన కొలతల కాగితం ఉన్నాయి. వాటితోనే వేశాను. ఆ చాట్ డిలీట్ చేయకపోవడం నేను చేసిన ఒకే ఒక తెలివైన పని.

ఇప్పుడు బ్లాకుకు కొత్త స్లీవులు (సిలిండర్ లోపల గోడగా దింపే గొట్టాలు) దింపించి బోరును మళ్లీ 75 మిల్లీమీటర్ల స్టాండర్డ్‌కు తేవాలి. ఇంకో క్రాంకు దొరికింది, కొలిపించాకే కొన్నాను. పిస్టన్లు ఆర్డర్ పెట్టి మూడు వారాలైంది. అవి చేతికొచ్చి మైక్రోమీటర్ పెట్టి చూసేదాకా బ్లాకును మెషిన్ ఎక్కించనని పెద్దాయన దాన్ని తీసుకెళ్లి షాపు మూలన పట్టా కప్పి పెట్టేశారు.