ప్లాస్టిక్ పుర్రె: చీపురు పుల్ల దూరితే కదా!

శ్రీకాకుళంలో ఎంబీబీఎస్ ఫస్టియర్ చదువుతున్నాను. సీనియర్ల నుంచి చేతులు మారే అసలు ఎముకల సెట్టు నా వంతుకు రాలేదు. దాంతో ఆన్‌లైన్లో 1,650 రూపాయలు పెట్టి ఈ ప్లాస్టిక్ పుర్రె తెప్పించుకున్నాను. వాడటం మొదలుపెట్టి నాలుగు నెలలైంది.

సైజు నిజమైనదంతే ఉంది. పైభాగం మూతలా ఊడొస్తుంది. 22 ఎముకల్లో కదిలేది కింది దవడ ఒక్కటే, దానికి స్ప్రింగు పెట్టారు. ఎముకలు ఒకదానితో ఒకటి కలిసే గీతలు, అంటే కుట్లు మాత్రం బాగా చెక్కారు, కళ్లు మూసుకున్నా గోటికి తెలుస్తాయి. పండక్కి ఇంటికి తీసుకెళ్తే మామ్మ గుమ్మం దాటనివ్వలేదు. ప్లాస్టిక్కేనని నమ్మాక తనే చేతిలోకి తీసుకుని, కరోనల్, సాజిటల్ కుట్లు కలిసేచోట వేలు పెట్టి, "నీ మాడు ఇక్కడే కొట్టుకునేది, ఎంత ఆముదం పోశానో" అంది. ఆ చోటి పేరే బ్రెగ్మా. అదెక్కడంటే ఇక నేను తడుముకోను.

అసలు గొడవ అడుగుభాగంతో. రంధ్రాలు నేర్చుకోవాలంటే చీపురు పుల్ల దూర్చి చూడటమే మాకు తెలిసిన పద్ధతి. ఫొరామెన్ ఓవేల్‌లో దూరింది. దాని వెనక, కొంచెం బయటివైపు ఉండే స్పైనోసమ్ దగ్గర గుంట తప్ప రంధ్రమే లేదు! మెదడు చుట్టూ ఉండే పొరకు రక్తం తెచ్చే మిడిల్ మెనింజియల్ ధమని లోపలికి వచ్చే దారి అదే. ఆ ధమని కొమ్మ గాడి లోపల చక్కగా కనిపిస్తుంది, వచ్చే దారి మాత్రం మూసేశారు. ఆ గాడి టెరియాన్‌కి లోపలివైపు నుంచే పోతుంది. కణత దగ్గర నాలుగు ఎముకలు హెచ్ ఆకారంలో కలిసే చోటు అది. అసలు పుర్రెలో అక్కడ ఎముక పల్చన, విరిగితే లోపలున్న ఆ ధమని తెగొచ్చు. ఇందులో అంతటా ఒకటే మందం. బండి మీంచి పడి కణతకు దెబ్బ తగిలితే డాక్టర్లు ఎందుకంత కంగారు పడతారో దీన్ని పట్టుకుంటే తెలీదు.

వైవాలో (నోటితో చెప్పే పరీక్షలో) అసలు పుర్రె ఇచ్చి స్పైనోసమ్ చూపించమన్నారు. నోటితో చెప్పగలిగాను గానీ పుల్ల సరైన చోటికి పోలేదు. అమ్మినవాళ్లని అడిగితే "మోడలే అంత" అన్నారు.

రెండో వారంలో ఎడమ స్టైలాయిడ్, అంటే చెవి కింద సూదిలా పొడుచుకొచ్చే ఎముక ముక్క, విరిగింది. అది అసలు పుర్రెల్లోనూ తరచూ విరిగే ఉంటుంది, దానికి మార్కులు తగ్గించను.

నర్సింగ్, ఫిజియో వాళ్లు కొనుక్కోవచ్చు. ఎంబీబీఎస్ వాళ్లయితే సాయంత్రాలు డిపార్ట్‌మెంట్లో అసలు ఎముకలతో కూర్చోండి. నా రేటింగ్ ఐదుకి రెండున్నర. నాది 700కి ఇచ్చేస్తాను, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర తీసుకోవచ్చు. స్టైలాయిడ్ ఫెవిక్విక్‌తో అతికించి ఉంది.