గుర్రం కాళ్లకు ఐస్ బూట్లు: కొనొచ్చా?

మలక్‌పేట రేసుకోర్సులో పొద్దున గ్యాలప్ (వేగంగా పరుగు సాధన) అవ్వగానే మా గుర్రాల ముందుకాళ్లకు ఇవే కడుతున్నాం. పరుగులో మోకాలి కింద వెనకవైపు టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగం) లోపల వేడి 45 డిగ్రీల దాకా వెళ్తుంది, అందుకే వెంటనే చల్లబరచాలి. ఐస్ బకెట్‌లో కాలు పెట్టించడం కన్నా ఇది ఎంతో నయం. మా మొండి ఆడగుర్రం కూడా 20 నిమిషాలు కదలకుండా నిలబడుతోంది.

వెల్‌క్రో మాత్రం నాసిరకం. రంపపు పొట్టు ఇరుక్కుంటే పట్టు పోతుంది. ఈ ధరకి ఇదేం కుట్టు!

ఇంకోటి, బూట్లు వైద్యం కాదు. మర్నాడు కాలు వేడిగా, ఉబ్బుగా ఉంటే స్కాన్ చేయించాల్సిందే. టెండన్ చిరిగితే మళ్లీ పరుగుకి ఏడాది పట్టొచ్చు. రెండేళ్ల గుర్రప్పిల్లల ముంగాలి ఎముక నొప్పికి విశ్రాంతే మందు. నా రేటింగ్ ఐదుకి మూడున్నర.