మూడు రోల్స్ చాలంది: ఆరేళ్లుగా వాడుతున్న వాల్‌పేపర్ లెక్కల యాప్

గోడ కొలతలు కొడితే ఎన్ని రోల్స్ కొనాలో చెప్పే యాప్ ఇది. ఆరేళ్లుగా నా ఫోన్లో ఉంది, నాలుగు గదులకు వాడాను. మిగతావన్నీ సరేగానీ, ఒక్క విషయంలో మాత్రం దీని మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. డిజైన్ ఎంత దూరానికోసారి తిరిగి వస్తుందో, అదే రిపీట్, ఇది అడగనే అడగదు.

అదెంత పెద్ద లోపమో పడకగదిలో తెలిసింది. మంచం వెనక గోడకు ఒక్కదానికే వేయించాలనుకున్నాం. వెడల్పు 4.20 మీటర్లు, ఎత్తు 3.20. పెద్ద పెద్ద ఆకుల డిజైన్. రోల్ మామూలుదే: 53 సెంటీమీటర్ల వెడల్పు, 10.05 మీటర్ల పొడవు, అంటే 5.33 చదరపు మీటర్లు. గోడ 13.44 చదరపు మీటర్లని లెక్కగట్టి, తరుగు కింద 10 శాతం కలిపి, మూడు రోల్స్ చాలంది యాప్. ఇంకా మిగులుతుందనే అనుకున్నాను.

లేబుల్ మీద రిపీట్ 64 సెంటీమీటర్లని రాసే ఉంది. చూశాను కూడా. దానికీ రోల్స్ లెక్కకూ సంబంధం ఉంటుందని తట్టలేదు.

పైనా కిందా కోసెయ్యడానికి ఐదేసి సెంటీమీటర్లు వదిలితే గోడకు పైనుంచి కింది దాకా అంటించే ఒక్కో పట్టీ పొడవు 3.30 మీటర్లు. సాదా పేపరైతే రోల్‌కు మూడు పట్టీలు తెగేవి. కానీ ఈ పట్టీలో సగం ఆకు పక్క పట్టీలో సగంతో కలవాలంటే ప్రతి పట్టీ డిజైన్‌లో ఒకే చోట మొదలవ్వాలి. ఐదు 64లు 3.20 మీటర్లు, అది చాలదు. ఆరైతే 3.84. అంటే 3.84 మీటర్లకోసారి గానీ కొత్త పట్టీ మొదలుపెట్టడానికి లేదు, రోల్‌లో మూడోదానికి చోటు లేదు. ఎనిమిది పట్టీల గోడకు ఆరే వచ్చాయి.

గోడ కుడి చివర మీటరు మేర బోసిగా ఉండిపోయింది. నేల మీద మూడు పొడుగు ముక్కలు మిగిలాయి. వాటిని పరిచి టేపు పెట్టి కొలిచాను. మూడూ కలిపితే ఏడు మీటర్లు దాటింది. రెండు పట్టీలకు కావాల్సింది 6.60. చేతిలో అంతకంటే ఎక్కువే ఉంది, ఒక్కటీ పైనుంచి కింది దాకా అందదు. పేపర్ అంటించే ఆయన ఒక ముక్క ఎత్తి గోడకు ఆనించి చూపించారు. నా నడుముకు కాస్త కింద ఆగిపోయింది. పైకప్పు ఇంకో 10 సెంటీమీటర్లు కిందికి ఉండుంటే పట్టీ సరిగ్గా 3.20కి తెగేది, ఆ మూడు రోల్సే సరిపోయేవి.

నాలుగో రోల్ తెచ్చేసరికి బ్యాచ్ నంబరు మారిపోయింది. పగటి వెలుతురులో తేడా తెలియదు. రాత్రి మంచం పక్క దీపం వేస్తే మాత్రం చివరి రెండు పట్టీల ఆకుపచ్చ కాస్త పసుపు తిరిగి, జాయింటు దగ్గర గీత గీసినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు అక్కడ బీరువా పెట్టాం.

అంతకుముందు హాల్‌కు వాడినప్పుడు లెక్క అచ్చుగుద్దినట్టు సరిపోయిందని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. అది అబద్ధమేం కాదు. కాకపోతే ఆ పేపర్ గరుకుగా ఉండే సాదా రకం, కలపడానికి డిజైనే లేదు. పైగా తలుపులూ కిటికీలూ తీసెయ్యకుండా మొత్తం గోడల కొలతే ఇచ్చాను. సరిపోవడం వెనక ఆ అదనం కూడా ఉంది.

ఇప్పుడు యాప్ చెప్పిన అంకె చూస్తాను గానీ దాన్ని పట్టుకుని కొనను. 53 సెంటీమీటర్ల అట్టముక్క కోసుకుని, గోడ వెంట జరుపుకుంటూ పెన్సిల్‌తో గీతలు పెట్టి పట్టీలు లెక్కపెడతాను. ఎత్తు మూడు చోట్ల కొలిచి ఎక్కువది తీసుకుంటాను. రిపీట్ ప్రకారం ఒక రోల్‌కు ఎన్ని పట్టీలు తెగుతాయో అప్పుడు చూస్తాను. పావుగంట పని. పిల్లల గది పేపర్ లేబుల్ మీద 64/32 అని ఉంది, అంటే పక్క పట్టీ సగం డిజైన్ కిందికి దిగి కలుస్తుంది. పేపర్ అంటించే ఆయన రెండు రోల్స్ పక్కపక్కనే విప్పుకుని, ఒకదాన్నుంచి ఒకటో పట్టీ, రెండోదాన్నుంచి రెండో పట్టీ, ఇలా మార్చి మార్చి కోశారు. వృథా బాగా తగ్గింది. ఇలాంటివి చెప్పుకోవడానికి యాప్‌లో గడే లేదు.

అయినా తీసెయ్యలేదు. గదుల కొలతలన్నీ అందులోనే దాచుకున్నాను, చదరపు మీటర్ల లెక్కలో అది తప్పు చెయ్యదు. మా గదులు ఎత్తు, నాకేమో పెద్ద డిజైన్లే నచ్చుతాయి. 2.40 మీటర్ల గదిలో సాదా పేపర్ వేసుకునేవాళ్లకు రోల్‌కు నాలుగు పట్టీలు తెగుతాయి, వాళ్లకు ఈ యాప్‌తో పేచీ రాకపోవచ్చు. నేను మాత్రం ఒకే బ్యాచ్‌లో ఒక రోల్ ఎక్కువే తెచ్చుకుంటున్నాను.