దాండియా రాత్రి తర్వాత తలస్నానం: అప్పుడేనా, పొద్దున్నా?

ఇల్లు చేరగానే తలంటుకుంటే చెమట, హెయిర్ స్ప్రే పోయి దురద తగ్గుతుంది. చిక్కంతా ఆరబెట్టుకోవడంలోనే. తడి వెంట్రుక సాగి తేలిగ్గా తెగుతుంది, దిండు రాపిడి దానికి తోడు. గంటలో ఆరే పొట్టి జుట్టుకైతే ఇదే మేలు.

నడుము దాకా జడ ఉంటే పొద్దున్నే నయం. కాకపోతే పిన్నులన్నీ తీసి, ఫ్యాన్ కింద 15 నిమిషాలు మాడు ఆరనివ్వాలి. స్ప్రేతో బిరుసెక్కిన జుట్టును అలాగే దువ్వారో, కుచ్చులుగా తెగి వస్తుంది! చివర్లకు చెంచాడు కొబ్బరినూనె రాసి, వేళ్లతో చిక్కు తీసి, వదులుగా అల్లుకోండి. మాడుకు మాత్రం నూనె వద్దు. చుండ్రు ఉంటే ఇంకా పెరుగుతుంది.

పొద్దున షాంపూ రెండుసార్లు. అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లయితే ఆఖరి రెండు చెంబులు మంజీరా నీళ్లు (హైదరాబాద్‌లో కుళాయికి వచ్చే నది నీళ్లు) పోసుకోండి, గరుకుదనం తగ్గుతుంది.