సిజిజీ టేబుల్‌బేస్, స్టాక్‌ఫిష్ కలిపి ఎన్నాళ్ళో వాడాక: ఎండ్‌గేమ్‌లో ‘పిచ్చి ఎత్తు’ల అసలు సంగతి

రెండు చెస్ ఇంజిన్లు, అంటే చదరంగం ఆడే ప్రోగ్రాంలు, ఆడుతుంటాయి. బోర్డు మీద పావులు పలచబడ్డాక ఉన్నట్టుండి ఒకటి రూక్‌ని ఊరికే ఇచ్చేస్తుంది. లేదా బంటు చివరి వరుస చేరితే మంత్రి వద్దని రూక్ తీసుకుంటుంది. చూసేవాళ్ళు ముందు అనుకునేది ప్రోగ్రాంలో తప్పుందనే. ఈ అనుమానం చాలా పాతది. 1977లో టొరంటోలో జరిగిన ప్రపంచ కంప్యూటర్ చెస్ ఛాంపియన్‌షిప్‌లో అమెరికన్ ప్రోగ్రాం డచెస్ మీద ఆడుతూ సోవియట్ ప్రోగ్రాం కైసా 34వ ఎత్తులో రూక్‌ని ఇ8 గడిలో పెట్టి అప్పనంగా ఇచ్చేసింది. అక్కడే ఉన్న మాజీ ప్రపంచ విజేత బోత్విన్నిక్‌కి కూడా కారణం అందలేదు. ఆట ఓడిపోయాక ప్రోగ్రాంనే అడిగితే జవాబు దొరికింది: కైసా రాజు జి7కి తప్పుకుంటే తెల్ల మంత్రి ఎఫ్8లోకి దూకి బలి అవుతుంది, రాజు దాన్ని తినక తప్పదు, ఆ వెంటనే బిషప్ హెచ్6 నుంచి చెక్ చెప్పి మాట్ దాకా లాక్కుపోతుంది. రూక్ పోగొట్టుకుంటేనే ఆట ఇంకొంచెం సాగుతుంది. కైసా చేసింది అదే.

ఇప్పుడు అలాంటి జవాబు రాబట్టడానికి ప్రోగ్రాం రాసినవాళ్ళ దాకా వెళ్ళక్కర్లేదు. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్, దానికి తగిలించిన సిజిజీ టేబుల్‌బేస్ (కొద్ది పావుల స్థితులన్నిటికీ ముందే లెక్కకట్టి పెట్టిన ఫలితాల పట్టిక) చాలు, రెండూ ఉచితం. ఈ సమీక్ష ఆ జోడీ గురించి. ముందే చెప్పేస్తాను: ఆరు పావుల సెట్ దాకా పెట్టుకోవడం శ్రమకి తగ్గ ఫలితం ఇస్తుంది, ఏడు పావుల సెట్ ఇంట్లో పెట్టుకోవడం అనవసరం. ఏనుగు, ఒంటె, శకటం అనే పేర్లు ఊరికొక పావుకి వాడతారు కాబట్టి గందరగోళం లేకుండా రూక్ (నిలువుగా, అడ్డంగా వెళ్ళేది), బిషప్ (ఐమూలగా వెళ్ళేది) అనే రాస్తున్నాను.

సిజిజీని రొనాల్డ్ డి మాన్ 2013లో విడుదల చేశారు. మూడు నుంచి ఐదు పావుల వరకు అన్నీ కలిపి ఒక జీబీకి లోపే. ఆరు పావులది సుమారు 150 జీబీ. ఏడు పావులది 2018లో పూర్తయింది, దాదాపు 17 టీబీ. ఈ లెక్కలో రాజులు, బంట్లు అన్నీ పావులే. ప్రతి ముగింపుకీ రెండు రకాల ఫైళ్ళుంటాయి. డబ్ల్యూడీఎల్ ఫైలు గెలుపా, డ్రానా, ఓటమా అన్నది మాత్రం చెబుతుంది. డీటీజడ్ ఫైలు తర్వాతి బంటు కదలికకో, పావు తినడానికో, మాట్‌కో ఎంత దూరమో చెబుతుంది. ఇంజిన్ ఆలోచించేటప్పుడు లక్షల సార్లు తడిమేది మొదటి రకాన్నే. రెండోది బోర్డు మీదున్న స్థితికి ఎత్తు ఎంచుకోవడానికే ప్రధానంగా కావాలి. అందుకని ఆరు పావుల డబ్ల్యూడీఎల్, అంటే 68 జీబీ చిల్లర, ఎస్ఎస్‌డీలో పెట్టండి. 82 జీబీ దాకా ఉండే డీటీజడ్‌ని మామూలు హార్డ్‌డిస్క్‌లో పడేసినా నష్టం లేదు. డబ్ల్యూడీఎల్‌ని తిరిగే హార్డ్‌డిస్క్‌లో పెడితే మాత్రం ఇంజిన్ వేగం కళ్ళెదుటే కూలిపోతుంది. గత్యంతరం లేకపోతే స్టాక్‌ఫిష్ సెట్టింగుల్లో సిజిజీ ప్రోబ్ డెప్త్ విలువని 1 నుంచి పైకి పెంచండి, టేబుల్‌ని అడగడం తగ్గుతుంది.

అమర్చడంలో తప్పులు ఎప్పుడూ అవే చోట్ల వస్తాయి. సిజిజీ పాత్ అన్న గడిలో ఫోల్డర్ చిరునామా ఇవ్వాలి, అది లోపలి ఫోల్డర్లలోకి తనంతట తాను వెళ్ళదు. ప్రతి ఫోల్డర్‌నీ విడిగా రాయాలి. విండోస్‌లో మధ్య సెమీకోలన్, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ కోలన్. ఆరు పావుల ఫైళ్ళు మాత్రమే దించుకుని చిన్నవి వదిలేసేవాళ్ళున్నారు. అలా పనికిరాదు, ఒక పావు తినగానే ఐదు పావుల ఫైలు కావాలి, అది లేకపోతే పెద్ద ఫైలు కూడా జవాబివ్వలేదు. ఇంజిన్ మొదలవగానే ఎన్ని టేబుళ్ళు దొరికాయో ఒక వాక్యంలో చెబుతుంది. ఐదు పావుల దాకా అయితే 145, ఆరు దాకా అయితే 510 రావాలి. ఒక్కటి తగ్గినా ఏది రాలేదో వెతకండి. దించుకునేటప్పుడు మధ్యలో తెగిన ఫైలు ఉంటే ఇంజిన్ ‘కరప్ట్ టేబుల్‌బేస్ ఫైల్’ అని ఆగిపోవచ్చు, లేదా ఏమీ అనకుండా తప్పు ఫలితమివ్వచ్చు. రెండోది ప్రమాదకరం. అందుకే చెక్‌సమ్ (ఫైలు చెడకుండా వచ్చిందో లేదో చూపే అంకె) సరిపోల్చడం మానకండి.

ఇంకొక చిక్కు చాలామందిని తికమక పెడుతుంది. బోర్డు మీద ఆరు పావులే ఉన్నా టీబీహిట్స్ (టేబుల్ నుంచి జవాబు దొరికిన సార్లు) అంకె ఇరవై, ముప్పై దగ్గర ఆగిపోతుంది. టేబుల్ పనిచేయడం లేదనుకుంటారు. నిజానికి ఉన్న స్థితే టేబుల్‌లో ఉంటే, డీటీజడ్ కూడా ఉంటే, స్టాక్‌ఫిష్ ఆడగలిగే ఎత్తులన్నిటినీ ఒక్కసారి టేబుల్‌ని అడిగి వరసలో పెట్టేస్తుంది, వెతుకులాటలో మళ్ళీ అడగదు. పావులు ఎనిమిదో పదో ఉన్నప్పుడే ఆ అంకె లక్షల్లోకి పోతుంది. స్కోరు కూడా అంతే. కొత్త వెర్షన్లలో 199 చిల్లర కనిపిస్తే అది ‘టేబుల్ ప్రకారం గెలుపు’ అని. ఎన్ని ఎత్తుల్లో మాట్ అన్నది సిజిజీలో ఉండదు. ఆ లెక్క ఉన్నది పాత నలిమోవ్ సెట్లో, దాని ఆరు పావుల పరిమాణం 1.2 టీబీ. మాట్ దూరం తెలియకపోయినా నేర్చుకునేవాళ్ళకి పోయేదేమీ లేదు.

ఇక అసలు రుచి. అమర్చాక మొదటి పరీక్షకి 1895 నాటి సావెద్రా స్థితి పెట్టండి. తెల్లవి: రాజు బి6, బంటు సి6. నల్లవి: రాజు ఎ1, రూక్ డి5. తెల్లది ఎత్తు. బంటు సి7. రూక్ డి6 నుంచి చెక్. ఇక్కడే మొదటి గొయ్యి: రాజు సి5కి వెళ్తే రూక్ డి1కి జారుతుంది, బంటు మంత్రి అయినా రూక్ సి1 చెక్‌తో రాజుని పక్కకి తోసి మంత్రిని తినేస్తుంది, డ్రా. కాబట్టి రాజు బి5, తర్వాత వరసగా బి4, బి3 మీదుగా చెక్‌లు తప్పించుకుంటూ సి2. అప్పుడు నల్ల రూక్ డి4కి వస్తుంది. సి8లో మంత్రిని తీసుకుంటే రూక్ సి4 చెక్, మంత్రి తినగానే స్టేల్‌మేట్, అంటే నల్లవాడికి చెక్ లేదు, ఆడే ఎత్తూ లేదు, డ్రా. సి8లో రూక్‌ని తీసుకుంటే ఎ8 నుంచి మాట్ చెబుతానన్న బెదిరింపు, నల్ల రూక్ ఎ4కి రావాల్సిందే, తెల్ల రాజు బి3కి వస్తే రూక్‌నీ తినచ్చు, సి1లో మాట్ కూడా చెప్పచ్చు. మల్టీపీవీ (ఒకేసారి ఎన్ని ఎత్తులు చూపాలో చెప్పే సెట్టింగు) 3 పెట్టి ఆరో ఎత్తు దగ్గర ఆపి చూడండి: రూక్ ఎదుట టేబుల్ గెలుపు, మంత్రి ఎదుట 0.00, అంటే డ్రా. ఈ రెండు అంకెలు పక్కపక్కన కనబడితే మీ అమరిక సరిగ్గా ఉన్నట్టే.

ఇంజిన్ ఆటల్లో తక్కువ స్థాయి పావు తీసుకున్న ప్రతిసారీ ఇంత లోతు ఉందనుకోకండి. లీలా అనే న్యూరల్ నెట్‌వర్క్ ఇంజిన్ చాలాకాలం గెలుపు ఖాయమైన స్థితుల్లో గుర్రాలనీ బిషప్‌లనీ కోరుకుంటూ, పావుల్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేది. దాని లెక్కంతా గెలిచే అవకాశం శాతం మీద. అన్ని ఎత్తులూ నూటికి నూరు దగ్గరే ఉంటే ఏది ఆడినా దానికి ఒకటే. 2020లో ఇంకా ఎన్ని ఎత్తులు మిగిలాయో అంచనా వేసే భాగాన్ని దాని నెట్‌వర్క్‌కి చేర్చాక ఆ తిరుగుళ్ళు తగ్గాయి. తేడా పట్టుకోవడం సులువు: మంత్రిని తీసుకున్నా ఫలితం అదే అయితే అది ఉదాసీనత, ఫలితం మారితే అది వ్యూహం.

రెండో పరీక్ష 1998 లినారెస్ టోర్నీలో గ్రాండ్‌మాస్టర్లు తొపలోవ్, షిరోవ్ ఆడిన ఆట. మనుషులదే అయినా ఇంజిన్లకి ఏళ్ళ తరబడి గీటురాయి ఇది. తెల్లవి: రాజు జి1, బిషప్ సి3, బంట్లు జి2, హెచ్4. నల్లవి: రాజు ఇ6, బిషప్ ఎఫ్5, బంట్లు ఎ4, డి5, ఎఫ్6, జి6. నల్లది ఎత్తు. జవాబు: బిషప్ హెచ్3, జి2 బంటు నోటికి. ఎందుకంటే నల్ల రాజు ఎఫ్5 మీదుగా ఇ4 చేరాలి, ఆ గడిలో సొంత బిషప్పే అడ్డం. అది మామూలుగా పక్కకి తప్పుకుంటే తెల్ల రాజు ఎఫ్2, ఇ3 దగ్గరకొచ్చి దారి మూసేస్తాడు. హెచ్3లో పడితే జి2 మీద దెబ్బ కూడా కాబట్టి తెల్లవాడికి ఒక ఎత్తు ఖర్చవుతుంది. తినకుండా రాజుని తెచ్చినా బిషప్ జి2ని తిని మళ్ళీ రాజుని వెనక్కి లాగుతుంది. స్థితిలో పది పావులున్నాయి, టేబుల్‌లో లేదు. అయినా ఇంజిన్ లెక్కించే ఎత్తుల కొమ్మల చివర ఆరేడు పావులకి దిగుతుంది, అక్కడ టేబుల్ అంచనా కాకుండా తీర్పు ఇస్తుంది. టేబుల్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి నడిపి ఎంత లోతులో హెచ్3 పైకి వస్తుందో పోల్చండి. పాత వెర్షన్ దొరికితే దానితోనూ. ఈ టేబుల్ చేసే మేలు మొత్తం ఆ పోలికలో ఉంది.

ఇంజిన్లు తప్పేది ఎక్కువగా జుగ్‌జ్వాంగ్ దగ్గర. కారణం నల్ మూవ్ అనే అడ్డదారి: ‘నా వంతు వదిలేసినా నాదే పైచేయి అయితే ఈ కొమ్మ ఇక చూడనక్కర్లేదు’ అన్న లెక్క. ఎత్తు వేయాల్సి రావడమే శిక్ష అయిన చోట ఈ లెక్క తలకిందులవుతుంది. అందుకే రాజు, బంట్లు మాత్రమే మిగిలిన పక్షానికి స్టాక్‌ఫిష్ ఆ అడ్డదారి వాడదు. రూక్, బిషప్ ఉన్న చోట్ల వాడుతుంది, ఎక్కువ లోతులో మళ్ళీ సరిచూసుకుంటుంది. ఆరు పావుల లోపు వచ్చే జుగ్‌జ్వాంగ్‌లని టేబుల్ పూర్తిగా కాస్తుంది. ఎనిమిది, తొమ్మిది పావుల దగ్గర ఇప్పటికీ ఓపిక పట్టాలి.

రెండు ఇంజిన్లని మీరే ఆడించి ఇలాంటివి చూడాలంటే క్యూట్ చెస్ అనే ప్రోగ్రాం సరిపోతుంది. కానీ ఒక జాగ్రత్త: రిజైన్, డ్రా, టేబుల్‌బేస్ తీర్పు అనే మూడు సదుపాయాల్నీ ఆపేయాలి. లేకపోతే రసపట్టు రాకముందే ఆట ముగించేస్తుంది. పెద్ద ఇంజిన్ పోటీల్లో చివరి ఎత్తులు కనబడకపోవడానికి కారణమూ ఇలాంటి తీర్పులే. ఒక వైపుకి టేబుల్ ఇచ్చి, రెండో వైపుకి ఇవ్వకుండా రెండు బిషప్‌లకి ఎదురు ఒక గుర్రం ఉన్న ముగింపు ఆడించండి. బి7లో గుర్రం, పక్కనే రాజు ఉంటే ఛేదించలేని కోటలా నిలుస్తుందని 1851 నుంచి నమ్మారు. 1983లో కెన్ థాంప్సన్ కంప్యూటర్ ఆ నమ్మకాన్ని పడగొట్టింది, గుర్రాన్ని పట్టడానికి గరిష్ఠంగా 66 ఎత్తులు పడతాయని తేలింది.

ఆ 66 అన్న అంకె దగ్గరే యాభై ఎత్తుల నియమం (ఏదీ తినకుండా, బంటు కదలకుండా యాభై ఎత్తులు గడిస్తే డ్రా) అడ్డొస్తుంది. సిజిజీ ఫలితాలు మూడు కావు, ఐదు: గెలుపు, నియమం వల్ల డ్రా అయ్యే గెలుపు, డ్రా, నియమం కాపాడే ఓటమి, ఓటమి. స్టాక్‌ఫిష్‌లో సిజిజీ 50 మూవ్ రూల్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది, రెండో రకం గెలుపుకి సున్నా పక్కన చిన్న అంకె చూపిస్తుంది. ఐసిసిఎఫ్ (అంతర్జాతీయ ఉత్తరాల చదరంగ సమాఖ్య) ఆటల్లో టేబుల్ ఆధారంగా గెలుపు కోరేటప్పుడు ఈ నియమం పట్టదు, అక్కడ ఆడేవాళ్ళు దాన్ని ఆపేయాలి. ఏడు పావుల్లో 549 ఎత్తుల మాట్ ఉందని మాస్కో విశ్వవిద్యాలయం 2012లో కట్టిన లొమొనోసొవ్ టేబుళ్ళ పుణ్యమా అని తెలిసింది. బోర్డు మీద ఎదురుగా కూర్చుని ఆడేవాళ్ళకి అది డ్రానే.

ఇక్కడే చాలా విశ్లేషణలు చెడతాయి. స్థితిని ఎఫ్ఈఎన్ (బోర్డుని ఒక్క వరసలో అక్షరాలతో రాసే పద్ధతి) వరసగా అతికించేటప్పుడు ఐదో గడిలో సున్నా ఉంటే యాభై ఎత్తుల లెక్క కొత్తగా మొదలవుతుంది. అసలు ఆటలో అప్పటికే నలభై ఎత్తులు ఏమీ తినకుండా గడిచి ఉంటే ‘గెలుపు’ అన్న జవాబు అబద్ధం. అలాగే మూడో గడిలో క్యాస్లింగ్ (రాజు, రూక్ ఒకే ఎత్తులో జరగడం) హక్కు పొరపాటున మిగిలిపోతే టేబుల్ అసలు పలకదు, ఆ స్థితులు సిజిజీలో లేవు.

నచ్చనిది ఒకటుంది. డీటీజడ్ వరసని పాఠంలా చదవకూడదు. దాని గురి మాట్ మీద కాదు, తర్వాతి తినడం మీదో బంటు కదలిక మీదో ఉంటుంది. అందుకే ఆన్‌లైన్ టేబుల్‌లో పైన కనబడే ఎత్తు ఒక్కోసారి మంచి పావుని ఊరికే వదిలేసేలా ఉంటుంది. గెలుపు చెడదు, కానీ నేర్చుకునేవాడికి తప్పుదారి. స్టాక్‌ఫిష్ ఈ విషయంలో నయం: ఖాయమైన గెలుపు ఎత్తులన్నిటినీ సమానంగా ఉంచి, వాటిలోంచి తన వెతుకులాటతో ఎంచుకుంటుంది. విద్యార్థులకి చూపేటప్పుడు టేబుల్‌ని తీర్పు కోసమూ, స్టాక్‌ఫిష్‌ని దారి కోసమూ వాడండి.

టేబుల్‌కి అందని కోటల దగ్గర మాత్రం స్టాక్‌ఫిష్ కూడా మోసపోతుంది. ఎనిమిదికి పైగా పావులుండి స్కోరు ప్లస్ రెండు దగ్గర కదలకుండా ఇరవై ఎత్తులు అలాగే ఉంటే అది కోటేమోనని అనుమానించండి. బంట్లని ఒక్కొక్కటిగా మార్పిడి చేసి ఏడు పావులకి దించి, లీచెస్ వెబ్‌సైట్ అనాలిసిస్ బోర్డులో ఉచితంగా దొరికే ఏడు పావుల టేబుల్‌ని అడగండి. ఏ మార్పిడిలోనూ గెలుపు రాకపోతే ఆ ప్లస్ రెండుని పక్కన పెట్టి, డ్రా అని రాసుకోవచ్చు.