ఏడు వేల యెన్‌లకు అచ్చు బొమ్మ, నాలుగు వేలకు వెదురాకు

క్యోటోలో జపాన్ సంప్రదాయ చిత్రలేఖనం నేర్చుకుందామని వెళ్ళేవారికి ముందుగా ఒక మాట. ముప్పావు గంటలో మీ చేతే పులి బొమ్మ వేయిస్తామని బోర్డు పెట్టిన చోట అడుగు పెట్టకండి.

మా అక్క ముప్ఫై ఏళ్ళు తిరుపతిలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసింది. 18వ శతాబ్దపు చిత్రకారుడు ఇతో జకుచు అంటే ప్రాణం. క్యోటోలోని నిషికి బజారులో కూరగాయల టోకు వ్యాపారుల ఇంట పుట్టి, పెరట్లో కోళ్ళను పెంచుకుని, వాటిని చూస్తూ గీసినవాడు. పదవీ విరమణ డబ్బుతో తను ఇక్కడికి రావడానికి కారణం ఆ కోళ్ళే.

అలాంటి మనిషి చేతికి ఆ పులి బోర్డు దుకాణంవాళ్ళు ఇచ్చిందేమిటంటే, పులి గీతలు లేత బూడిద రంగులో ముందే అచ్చయి ఉన్న అట్ట. మనిషికి 7,000 యెన్‌లు ముందే కట్టించుకున్నారు. సిరా సీసాలో నుంచి పోశారు. సిరా నూరడం చూపించమని అక్క అడిగితే, సమయం లేదని గడియారం వైపు చేయి చూపారు. సరిగ్గా నలభై అయిదో నిమిషాన తర్వాతి గుంపును లోపలికి పిలిచారు. "పిల్లలకు ఇలా గీతలు అచ్చయిన పుస్తకం ఇవ్వకూడదని ముప్ఫై ఏళ్ళు పోట్లాడానే" అంది అక్క. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మరునాడు నిజో కోట. కోట, నినోమారు భవనం కలిపి టికెట్టు 1,300 యెన్‌లు, బస్సు 230. భవనం గోడల మీద ఉన్న పులుల చిత్రాలు నకళ్ళు. అసలు చిత్రాలను ఆవరణలోనే ఉన్న ప్రదర్శనశాలలో విడతలవారీగా చూపిస్తారు, దాన్ని వదలకండి. జపాన్ అడవుల్లో పులులు లేవు కాబట్టి వాటిని వేసిన కానో సంప్రదాయపు చిత్రకారులు బయటి నుంచి వచ్చిన తోళ్ళను చూసి గీశారు. చిరుతను ఆడపులి అనుకున్నారట, అందుకే పులుల మధ్య చిరుతలు కూడా కనిపిస్తాయి. అక్క ముఖం అక్కడే కాస్త తేటపడింది.

బస శుభ్రంగా ఉంది, రాత్రికి 9,800 యెన్‌లు. దాని యజమానురాలు మా గోడు విని, నిషిజిన్ పేటలో ఇంట్లోనే నేర్పే ఒక పెద్దాయన దగ్గరికి పంపింది. మూడు గంటలకు మనిషికి 4,000 యెన్‌లు, కాగితాలతో సహా.

మొదటి అరగంట సిరా నూరడమే. మసి, జంతువుల జిగురు కలిపి ఆరబెట్టిన కడ్డీని నల్లరాతి మీద నాలుగు చుక్కల నీళ్ళతో మెల్లగా తిప్పాలి. తర్వాత ఆయన కుంచెను నీళ్ళలో ముంచి, తెల్ల పళ్ళెం అంచున పిండి, ముందు పలుచటి సిరా పట్టించి, కొసకు మాత్రం చిక్కటిది తాకించారు. కుంచెను పక్కకు వాల్చి ఒక్కసారి లాగితే ఆకుకు ఒక అంచు నలుపు, రెండో అంచు పొగమంచు! చుట్టూ గీత లేదు. దీన్ని త్సుకెతతే అంటారు. మా శ్రీకాళహస్తి కలంకారీలో ముందు గీత, తర్వాతే రంగు. అది చూసి పెరిగిన అక్కకు చేయి తిరగడానికి గంట పట్టింది. చెరపడం కుదరదు, కాగితం వెంటనే పీల్చేస్తుంది. ఆయనకు ఇంగ్లీషు నాలుగు మాటలే వచ్చు. అక్క మణికట్టు పట్టుకుని భుజం నుంచి కదలాలని చూపించారు. వెదురాకులయ్యాక పిచ్చుక. నా పిచ్చుక తడిసి ముద్దయింది, అక్కది కొమ్మ మీద నిలబడింది.

శాకాహారులు జాగ్రత్త, నూడుల్స్ పులుసులోనూ ఎండుచేప రసం ఉంటుంది. ఊరబెట్టిన ఉమె అనే పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్దలు 150 యెన్‌లకు దొరుకుతాయి, అవే మమ్మల్ని కాపాడాయి.

మర్నాడు దగ్గర్లోని నారా ఊరికి వెళ్ళి జింకలను చూడాలనుకున్నాం. పొద్దున్నే అక్క, "నారా వద్దులే, ఆయన దగ్గరికే పోదాం" అంది. ఇద్దరికీ మరో 8,000 యెన్‌లు. ఆ రోజు ఆయన జింకను నేర్పారు.